నకిలీ ఎస్‌కేఎక్స్007 కేసులో అసలు ఎన్‌హెచ్36 మిషన్, డయల్, ముళ్ళు: కుదురుతాయా?

కొత్తముల్లు:

అందరికీ నమస్కారం. నా దగ్గర సీకో ఎస్‌కేఎక్స్007 డైవర్ వాచీకి నకలు ఒకటి ఉంది. డయల్ మీద సీకో అని పేరు, వెనక మూత మీద అల బొమ్మ అన్నీ ఉన్నాయి. అసలుది కాదని తెలిసే తీసుకున్నాను. లోపల పేరులేని చైనా ఆటోమేటిక్ మిషన్, 2813 రకం. రోజుకు ఒకటిన్నర నిమిషం వెనకబడుతోంది. కీ బయటికి లాగినా సెకన్ల ముల్లు ఆగడం లేదు. అసలు 007కి వారం, తేదీ రెండూ కనబడతాయి, దీనికి తేదీ ఒక్కటే.

కేసు, చెయిన్ ఉంచేసి మిగతావన్నీ అసలువి వేద్దామని ఉంది: సీకో చేసే ఎన్‌హెచ్36 ఆటోమేటిక్ మిషన్, 007 నుంచి తీసిన అసలు డయల్, అసలు ముళ్ళు, పైన సఫైర్ అద్దం (సులువుగా గీతలు పడనిది). ఇప్పటిదాకా కొలిచినవి ఇవి. డయల్ వ్యాసం 28.5 మి.మీ. మిషన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు లోపలి కొలత 26 మి.మీ. ఆ రింగు తీసేస్తే కేసు లోపల దాదాపు 30 మి.మీ. ఉంది. కీ అసలు వాచీలో లాగే 4 గంటల వైపు ఉంది, మర తిప్పి బిగించే రకం.

ఎన్‌హెచ్36 ఇందులో కూర్చుంటుందా? ఇప్పుడున్న ముళ్ళు దానికి పడతాయా, కొత్తవి తప్పవా? స్టెమ్ (కీని మిషన్‌కు కలిపే సన్నని కడ్డీ) ఎంత కోయాలో ఎలా తెలుస్తుంది? ఐ గ్లాస్ (కంటికి పెట్టుకునే భూతద్దం), ట్వీజర్స్, మూత తిప్పే కీ ఉన్నాయి. ముళ్ళు తీసే పని మాత్రం ఎప్పుడూ చేయలేదు.

ఐగ్లాస్:

కూర్చోబెట్టొచ్చండీ, అయితే నేరుగా కాదు.

2813 అనేది జపాన్ కంపెనీ మియోటా చేసే 8215 నమూనాలో చేసిన మిషన్, వ్యాసం 26 మి.మీ. ఎన్‌హెచ్36 వ్యాసం 27.4, మందం 5.32. మందంతో ఇబ్బంది ఉండదు, ఎందుకంటే 8215 కుటుంబం దానికన్నా మందం, 5.67. వ్యాసం దగ్గరే పాత రింగు పనికిరాదు. ఎన్‌హెచ్35, 36లకు చేసిన రింగు బయటి కొలత 30కి సరిపోయేది దొరికితే సరే, లేకపోతే లేత్ మీద తిప్పించుకోవాలి. రింగు వదులైతే కీ లాగినప్పుడల్లా మిషన్ మొత్తం జరుగుతుంది. కాగితం ముక్కలు, టేపు దూర్చి సరిపెట్టొద్దు. వాటి పీచు బ్యాలన్స్ చక్రంలో (అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే చక్రం) చిక్కుకుంటుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది స్టెమ్ ఎత్తు. డయల్ కూర్చునే అంచు నుంచి స్టెమ్ మధ్యగీత దాకా ఉండే దూరం రెండు మిషన్లలో ఒకటే కాకపోవచ్చు. డయల్ వేసిన ఎన్‌హెచ్36ని కేసులో పెట్టి, మూత వైపు నుంచి వేలితో మెల్లగా అదిమి పట్టుకుని, కీ రంధ్రంలోంచి ఐ గ్లాస్‌తో చూడండి. మిషన్‌లో స్టెమ్ దూరే రంధ్రం సరిగ్గా మధ్యలో కనబడాలి. పైకో కిందికో జరిగి ఉంటే స్టెమ్ వంగి తిరుగుతుంది, కొన్నాళ్ళకు కీ బిరుసెక్కి స్టెమ్ విరుగుతుంది. తేడా కొద్దిగా ఉంటే రింగు ఎత్తుతో సరిచేయొచ్చు. ఎక్కువుంటే ఆ కేసు ఈ మిషన్‌కు పనికిరాదు, అక్కడితో ఆపేయాలి.

ముళ్ళు మార్చక తప్పదు. ఎన్‌హెచ్36లో గంటల ముల్లు రంధ్రం 1.50 మి.మీ., నిమిషాలది 0.90, సెకన్లది 0.20. మియోటా 8215లో గంటలది అదే 1.50, నిమిషాలది మాత్రం 1.00. అంటే మీ గంటల ముల్లు కూర్చుంటుంది, నిమిషాల ముల్లు వదులుగా జారిపోతుంది. నొక్కి సన్నం చేసి వాడదామంటే గొట్టం పగులుతుంది. 7ఎస్26 మిషన్ ఉన్న అసలు 007 ముళ్ళు తెచ్చుకుంటే మూడూ ఎన్‌హెచ్36కి అలాగే పడతాయి.

ఇక డయల్. 007లో కీ 3 గంటల దగ్గర కాకుండా 3.8 దగ్గర, అంటే 4కి కాస్త ముందు ఉంటుంది. కాబట్టి మిషన్‌తో పోలిస్తే డయల్ 24 డిగ్రీలు తిరిగి కూర్చుంటుంది. అసలు 007 డయల్ కాళ్ళు (వెనక ఉండే సన్నని పిన్నులు, మిషన్‌లో దూరేవి) ఆ లెక్కకే ఉంటాయి. మీ కేసులో కీ కూడా అక్కడే ఉంది కాబట్టి పడుతుంది. బయటి కంపెనీల డయల్ అయితే తరచూ నాలుగు కాళ్ళతో వస్తుంది, మనకు అక్కరలేని రెండు కాళ్ళను మొదలంటా కత్తిరించుకోవాలి. మిగిలిన మొండి కొంచెం పైకి పొడుచుకున్నా డయల్ ఒక పక్క లేచి కూర్చుంటుంది, అప్పుడు గంటల ముల్లు రాసుకుంటుంది.

ఎన్‌హెచ్36 కొనేటప్పుడు చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. వారం, తేదీ చక్రాలు 3 దగ్గర కీకి ఒక రకం, 3.8కి ఒక రకం ఉంటాయి. తేదీ చక్రానికి 31 అంకెలు, ఒక్కో అడుగు 11.6 డిగ్రీలు. రెండు అడుగులు 23.2. డయల్ తిరిగింది 24. తేడా డిగ్రీ కూడా లేదు కాబట్టి 3 రకం తేదీ చక్రం 3.8 కేసులో దాదాపు సరిగ్గానే కనబడుతుంది. వారం చక్రంలో రెండు భాషలు కలిపి 14 అడుగులు, ఒక్కో అడుగు 25.7 డిగ్రీలు. అక్కడ తేడా 1.7 డిగ్రీలు అవుతుంది, అక్షరాలు కిటికీలో పక్కకు వాలినట్టు తెలిసిపోతుంది. అందుకే 3.8 చక్రాలున్న మిషన్ అని అడిగి కొనండి. చక్రం నలుపు కావాలా తెలుపు కావాలా అన్నదీ అప్పుడే చెప్పాలి.

స్ప్రింగ్‌బార్:

ఐగ్లాస్ గారు చెప్పిన కొలతలన్నీ నిజమే. నేను అసలు లెక్క దగ్గరే ఆగుతాను. మీ వాచీలో అన్నిటికన్నా నాసిరకం భాగం కేసు. మీరు ఉంచుకుంటానంటున్నది దాన్నే.

ఎస్‌కేఎక్స్007 అసలు కేసు 200 మీటర్లకు చేసిన డైవర్ కేసు. నకలు కేసులో తేడా పైకి కనబడదు. మర పళ్ళ లోతు, మూత రబ్బరు కూర్చునే గాడి, అద్దం కూర్చునే అంచు, అంతా 0.1, 0.2 మి.మీ.లలో ఉంటుంది. ఆ తేడాతోనే అసలు భాగాలు పట్టవు. 007 అద్దం వ్యాసం 31.5 మి.మీ. నకలు కేసులో గాడి 31.3 ఉంటే సఫైర్ నొక్కేటప్పుడే అంచు చిట్లుతుంది. 31.7 ఉంటే అద్దం కూర్చుంటుంది కానీ నీళ్ళు ఆగవు. అసలు 007 కీ కొనుక్కొచ్చినా ఈ కేసు మరకు పడుతుందన్న భరోసా లేదు. కీ, కేసు మరలు జతగా చేసినవే అయి ఉండాలి. అద్దం చుట్టూ తిరిగే రింగు, బెజెల్‌దీ అదే సంగతి.

ఇప్పుడు ఖర్చు చూడండి. మిషన్, అసలు డయల్, అసలు ముళ్ళు, సఫైర్, రింగు, రబ్బర్లు. ఇవన్నీ కలిపితే అయ్యే మొత్తంలో పేరులేని మంచి 007 సైజు కేసు ధర ఒక వాటా మాత్రమే. అలాంటి కేసులను ఎన్‌హెచ్35, 36 కోసమే తయారుచేసి అమ్ముతున్నారు. రింగు, కీ, స్టెమ్, మూత, రబ్బర్లు దానితోనే వస్తాయి. స్టెమ్ ఎత్తు అనుమానం ఉండదు, లేత్ పని ఉండదు. మీరు కొనబోయే మిషన్, డయల్, ముళ్ళు ఏవీ వృథా పోవు, కేసు ఒక్కటే మారుతుంది. మీకు పని నేర్చుకోవాలని ఉంటే నకలు కేసునూ, పాత 2813నూ ముళ్ళు తీయడం, వేయడం సాధనకు వాడుకోండి. దానికి అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

ఇంకో మాట. సీకో పేరున్న డయల్‌ను నకిలీ కేసులో పెట్టిన వాచీ ఎప్పుడైనా చేతులు మారితే, ఎంత మంచి మిషన్ ఉన్నా అది నకిలీ సరుకే. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద అలాంటివి తయారుచేసినా అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. "లోపల అంతా ఒరిజినలే" అని చెప్పి అమ్మడం కొనేవాడికి చేసే మోసం కూడా. పేరులేని డయల్ వేసుకుంటే ఈ గొడవే ఉండదు, వాచీ మీదే అవుతుంది.

కొత్తముల్లు:

ఇద్దరికీ ధన్యవాదాలు. కీ రంధ్రంలోంచి చూసే పరీక్ష చేయాలన్నా ముందు మిషన్ కొనాలి కదా, ఆ తర్వాత పట్టకపోతే చిక్కే. స్ప్రింగ్‌బార్ గారు చెప్పినట్టు కేసు మారుద్దామనే అనుకుంటున్నాను. కొత్త కేసులో అయినా స్టెమ్ కోయాలి, ముళ్ళు వేయాలి కదా. ఆ రెండూ కాస్త వివరంగా చెప్పగలరా? ఇక్కడ మా ఊళ్ళో వాచీ షాపులో అడిగితే స్టెమ్ అందాజుగా కోసేస్తానంటున్నారు.

ఐగ్లాస్:

అందాజు వద్దండీ. మంచి నిర్ణయం తీసుకున్నారు, ఇక పని తేలికే.

మొదట స్టెమ్ బయటికి తీయడం. కీ పూర్తిగా లోపలికి నొక్కి ఉన్న స్థితిలోనే తీయాలి. స్టెమ్ పక్కన చిన్న గుంట ఉన్న మీట కనబడుతుంది. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని తాకించి, రవ్వంత నొక్కి, అదే సమయంలో కీ లాగాలి. టైమ్ మార్చే స్థితిలో కీ బయటికి ఉండగా లాగినా, మీటను గట్టిగా పొడిచినా లోపల క్లచ్ చక్రం చోటు తప్పుతుంది. తర్వాత స్టెమ్ లోపలికి పోతుంది కానీ ఏ స్థితికీ పట్టదు. అప్పుడు ముళ్ళు, డయల్, క్యాలెండర్ పళ్ళెం అన్నీ విప్పితే గానీ సరికాదు. మొదటిసారి చేసేవాళ్ళ దగ్గర ఎక్కువగా చెడేది ఇక్కడే.

కొలత. డయల్ వేసిన మిషన్‌ను కేసులో పెట్టి మూత వైపు నుంచి కదలకుండా పట్టుకోండి. కోయని స్టెమ్‌కు కీ చివరిదాకా బిగించి, మిషన్‌లోకి క్లిక్ అనేదాకా తోయండి. మర కీలలో చాలావాటి లోపల స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు పూర్తిగా అణిగేలా కీ నొక్కి పట్టుకుని, కీ అడుగు అంచుకూ కేసుకూ మధ్య ఖాళీని వెర్నియర్‌తో కొలవండి. 5.2 మి.మీ. వచ్చిందనుకుందాం. ఒక్కసారే 5.2 కోయకూడదు. 4.7 కోసి, మిగిలినదాన్ని నూనెరాయి మీద కొంచెం కొంచెం అరగదీస్తూ, మధ్యమధ్య వేసి చూసుకుంటూ రావాలి. కోసేటప్పుడు ముక్క ఎగురుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి, స్టెమ్‌ను పిన్‌వైస్‌లో (సన్నని కడ్డీలను బిగించి పట్టే చేతి పనిముట్టు) పట్టుకోండి. కోసిన కొనను గుండ్రంగా రాయకపోతే మర పళ్ళు దెబ్బతిని కీ ఎక్కదు.

సరైన పొడవంటే ఇదీ: కీ పూర్తిగా బిగిసిన తర్వాత స్ప్రింగులో ఇంకా కాస్త వెసులుబాటు మిగలాలి. మర విప్పగానే కీ దానంతట అది పైకి లేవాలి, అక్కడ తిప్పితే మిషన్‌కు కీ ఎక్కాలి. ఒక్క అడుగు లాగితే వారం, తేదీ, రెండో అడుగుకు టైమ్, సెకన్ల ముల్లు ఆగాలి. స్టెమ్ పొడవైతే కీ మర పట్టదు, బలవంతాన తిప్పితే ఆ ఒత్తిడంతా మిషన్ మీద పడుతుంది. పొట్టిదైతే మర ఒకటి రెండు చుట్లే పట్టి నీళ్ళకు దారి ఇస్తుంది, లేదా లాగినప్పుడు స్థితులు సరిగ్గా అందవు. పొట్టి అయిన స్టెమ్‌కు వైద్యం లేదు. అదనంగా ఇంకో స్టెమ్ తెప్పించుకోండి, దాని ధర స్వల్పం. అంతా సరిపోయాక కీ మరలో తక్కువ బలం ఉన్న థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) సూది మొనంత వేయండి.

ముళ్ళు తీసేటప్పుడు డయల్ మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పరిచి, ముళ్ళన్నీ 12 మీద కలిపి, రెండు వైపుల నుంచి ఒకేసారి లేపాలి. వేసేటప్పుడు కీని టైమ్ స్థితికి లాగి మెల్లగా ముందుకు తిప్పుతూ తేదీ మారే క్షణం దగ్గర ఆపండి. అదే మీ రాత్రి 12. గంటల ముల్లు సరిగ్గా 12 మీద నొక్కండి, తర్వాత నిమిషాలది. ఇక్కడ కాస్త ఆగి, 12 గంటలూ తిప్పి ప్రతి గంట దగ్గరా గంటల ముల్లు గుర్తు మీదకే వస్తోందా చూసుకోవాలి. 3 దగ్గర సరిగ్గా ఉండి 9 దగ్గర తప్పితే డయల్ మధ్యలో లేదని అర్థం, ముల్లుది తప్పు కాదు. సెకన్ల ముల్లు ఆఖరు. అది మిల్లీమీటరులో ఐదో వంతు కడ్డీ మీద కూర్చునేది, ఒక్క వంకర నొక్కుకే ఆ కడ్డీ వంగుతుంది. ముల్లును ముందు ట్వీజర్స్‌తో రంధ్రం మీద నిలబెట్టి, ఐ గ్లాస్‌తో పక్క నుంచి చూసి, నిట్టనిలువుగా ఉందనుకున్నాకే నొక్కండి. ముల్లుకూ ముల్లుకూ మధ్య, సెకన్ల ముల్లుకూ అద్దానికీ మధ్య ఖాళీ పక్క నుంచి చూసినప్పుడు స్పష్టంగా కనబడాలి.

రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్యలో ముళ్ళు ఉండగా కీతో వారం, తేదీ మార్చకండి. ఆ వేళలో మార్పు పళ్ళు చక్రంతో పట్టుకుని ఉంటాయి.

టిక్‌టిక్ విశాఖ:

అన్నా, మిషన్ చేతికి రాగానే కేసులో వేసేయొద్దు. ముందు బ్యాలన్స్ చక్రం దగ్గర క్యాలిబర్ సంఖ్య ఎన్‌హెచ్36ఏ అని ఉందో లేదో చూడు. నకిలీ ఎన్‌హెచ్ మిషన్లు కూడా మార్కెట్లో తిరుగుతున్నయ్. నిండుగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టి టైమ్‌గ్రాఫర్ (టిక్ శబ్దం విని వాచీ వేగం కొలిచే పరికరం) మీద చూడు. అందులో మిషన్‌ను బట్టి పెట్టే లిఫ్ట్ యాంగిల్ అనే కోణం 53 పెట్టాలి, వేరేది పెడితే ఆంప్లిట్యూడ్ (బ్యాలన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతుందో) అంకె తప్పు చూపిస్తది. వేగం గంటకు 21,600 కొట్టులు. ఆంప్లిట్యూడ్ 250 పైన ఉంటే బెంగ లేదు. బీట్ ఎర్రర్ (అటు ఊపుకూ ఇటు ఊపుకూ సమయంలో తేడా) 0.5 మిల్లీసెకండ్ లోపు ఉంటే దాన్ని కదిలించకు.

కంపెనీ ఇచ్చే హామీ రోజుకు వెనక 20 సెకన్ల నుంచి ముందు 40 సెకన్ల దాకా. చాలా మిషన్లను కాస్త సర్దితే అంతకన్నా బాగా నడుస్తయ్. బ్యాలన్స్ మీద రెండు మీటలుంటయ్. ఒకటి వేగం మార్చేది, ఇంకొకటి బీట్ ఎర్రర్‌ది. రెండూ పక్కపక్కనే ఉంటయ్, ఒకదాన్ని కదిలించబోయి ఇంకోదాన్ని తోస్తారు. మీటను కనబడీ కనబడనంత కదిపి, నిమిషం ఆగి అంకె చూడాలి. బ్యాలన్స్ చక్రానికి ఉండే వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతే ముందు అయస్కాంతం అనుమానించు. ఫోను కవరు, స్పీకర్ల పక్కన పెట్టినా పట్టుకుంటది. డీమాగ్నెటైజర్ బటన్ నొక్కి పట్టి వాచీని మెల్లగా దూరం జరుపుతూ పోవాలి, దగ్గర ఉండగానే బటన్ వదిలితే మళ్ళీ ఎక్కుతది.

నీళ్ళ సంగతి. మూత రబ్బరుకు, కీ రబ్బర్లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి, మెరుపు వస్తే చాలు. మూత బిగించేటప్పుడు రబ్బరు మెలిపడిందేమో చూసుకో. తర్వాత గాలి ఒత్తిడితో పరీక్షించే మిషన్ ఉన్న షాపులో చూపించు. అది చేయించకుండా స్విమ్మింగ్‌కు పోవద్దు, కేసు మీద ఎన్ని మీటర్లని రాసి ఉన్నా సరే.

డయల్ చూపు:

అసలు డయల్ పేరుతో అమ్మేవాటి గురించి ఒక జాగ్రత్త. ఎస్‌కేఎక్స్007 తయారీ 1996 నుంచి 2019 దాకా సాగింది, ఇప్పుడు దొరికేవి పాత వాచీల నుంచి విప్పినవే ఎక్కువ. మన దగ్గర మళ్ళీ రంగు వేసి అచ్చుగుద్దిన డయల్స్ పాత సీకో 5లలో విరివిగా కనబడతాయి, ఆ పనే 007 డయల్ మీద కూడా చేస్తారు. పెద్ద చేసి తీసిన ఫొటో అడగండి. అచ్చు అక్షరాల అంచులు పదునుగా ఉండాలి, ఉబ్బినట్టు ఉండకూడదు. వెలుగు పూసిన గుండ్రాల చుట్టూ గీత ఒకే మందంలో ఉండాలి. వెనక వైపు ఫొటో తప్పనిసరిగా అడగండి. కాళ్ళు విరిగి జిగురుతో అంటించినవి ముందు నుంచి తెలియవు. కాళ్ళు లేకపోతే డయల్ డాట్స్ అనే జిగురు బిళ్ళలతో అంటించొచ్చు గానీ, వాటి మందం కూడా ముళ్ళ ఖాళీలో కలుస్తుంది, వేడికి కొన్నాళ్ళకు డయల్ తిరుగుతుంది.

అసలు డయల్ వేస్తే ముళ్ళు కూడా అసలువే వేయండి. చీకట్లో వెలిగే సీకో పూత లూమిబ్రైట్‌కూ బయటి ముళ్ళకు పూసిన లూమ్‌కూ (అలాంటి పూతే) రంగు, వెలుగు నిలిచే సమయం కలవవు. పగలు తేడా తెలియదు. చీకట్లో గుర్తులు ఆకుపచ్చగా వెలుగుతుంటే ముళ్ళు ముందే మాసిపోతాయి.

కొత్తముల్లు:

పేరులేని కేసు, 3.8 చక్రాలతో ఎన్‌హెచ్36, రెండు స్టెమ్‌లు ఆర్డర్ పెడుతున్నాను. డయల్ కూడా పేరులేనిదే వేద్దామనుకుంటున్నాను, అందుకని ముళ్ళూ బయటివే. కేసుతో పాటు చాప్టర్ రింగు (డయల్ చుట్టూ నిమిషాల గీతలుండే రింగు) వస్తుందట. దాన్ని ఎప్పుడు వేయాలి, అద్దం ముందా తర్వాతా?

ఐగ్లాస్:

ఎక్కువ కేసుల్లో అద్దం కూర్చున్నాక లోపలి వైపు నుంచి చాప్టర్ రింగు, దాని వెనక డయల్‌తో మిషన్. అద్దం నొక్కేటప్పుడు కింద నైలాన్ దిమ్మె పెట్టాలి, మిషన్ లోపల ఉండగా అద్దం ఎప్పుడూ నొక్కొద్దు. రింగుకు అడుగున చిన్న గుర్తో గాడో ఉంటే కేసులోని గాడితో కలపండి. లేకపోతే రింగు 12 గీత, డయల్ 12 గుర్తు, బెజెల్ ముత్యం (బెజెల్ 12 దగ్గర వెలిగే చుక్క) మూడూ ఒకే గీతలో ఉన్నాయా అని మూత బిగించక ముందే చూసుకోండి. మూత వేసే ముందు అద్దం లోపలి వైపు గాలి బుడ్డితో ఊది, డయల్ మీద మిగిలిన దుమ్ము కణాలను రోడికో (దుమ్మును అంటించుకునే మెత్తని ముద్ద) మొనతో తాకించి తీయండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. ఫ్యాన్ ఆపేసి చేయండి.